డి ఆంజా కాలేజీ ఎవరిది? పన్ను కట్టే ఊరిదా, బస్సెక్కి వచ్చేవాళ్ళదా?

పెన్నాతీరం:
కాలిఫోర్నియాలోని కూపర్టినోలో ఇల్లు కొని పద్దెనిమిదేళ్ళయింది. డి ఆంజా మా ఊరి కమ్యూనిటీ కాలేజీ. ఈసారి ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు వచ్చాక కూర్చుని ప్రతి లైనూ చదివాను. అందులో ఫుట్‌హిల్-డి ఆంజా కాలేజీ డిస్ట్రిక్ట్ బాండ్ల పేరుతో, అంటే ఓటర్లు ఒప్పుకున్న అప్పు తీర్చడానికి, ఒక లైను ఉంది. 2006లో ఓటుకి పెట్టిన మెజర్ సి అనే ప్రతిపాదనతో 490 మిలియన్లు, 2020 మార్చిలో మెజర్ జి అని 898 మిలియన్ డాలర్లు. మెజర్ జి నాటికి నాది గ్రీన్ కార్డే, ఓటు లేదు. పన్ను మాత్రం కడుతున్నాను.

డబ్బొక్కటే అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. ఆ కాలేజీలోని ఫ్లింట్ సెంటర్‌ని 2019లో మూసేశారు. 2,400 సీట్ల హాలు అది. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు అక్కడే కచేరీకి తీసుకెళ్ళాను. 1984లో మొదటి మాక్ కంప్యూటర్‌ని లోకానికి చూపించిందీ ఆ వేదిక మీదే. ఆ కాలేజీ రానురానూ ఊరికి దూరమవుతోంది. మన పన్నుతో నడిచే కాలేజీలో ముందు మన ఊరి పిల్లలకి చోటు ఉండాలా వద్దా?

లెక్కలమాస్టారు:
ఒక సవరణ అండీ. బాండు డబ్బుతో కాలేజీ "నడవదు". ప్రాపొజిషన్ 39 అనే రాష్ట్ర నియమం కింద 55 శాతం ఓట్లతో నెగ్గే బాండును కట్టడాలకీ, మరమ్మతులకీ, పరికరాలకీ మాత్రమే వాడాలి. పాఠం చెప్పేవాళ్ళ జీతాలకి ఒక్క డాలరు కూడా తీయకూడదు.

ఫ్రిస్కో_బాబాయ్:
మా టెక్సాస్‌లో ఈ గొడవే లేదు. కాలిన్ కాలేజీలో కౌంటీ వాళ్ళకి ఒక ఫీజు, బయటి కౌంటీ వాళ్ళకి అంతకన్నా ఎక్కువ ఫీజు.

పెన్నాతీరం:
నేను అడిగేదీ అదే బాబాయ్. ఇక్కడ ఆ తేడా లేదు. కాలిఫోర్నియాలో ఏడాది నుంచి ఉంటే చాలు, ఏ మూల నుంచి వచ్చినా ఒకటే ఫీజు.

చిక్కుడుపాదు:
పెన్నాతీరం గారూ, ఆ తేడా లేకపోబట్టే నాకో జీవితం దొరికింది. కొంచెం ఓపిగ్గా చదవండి.

2012లో హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగి భార్యగా వచ్చే వీసా మీద, వచ్చాను. విజయవాడలో బీకాం చేశాను. ఇక్కడ ఉద్యోగం చేయకూడదు, చదువుకోవడానికి మాత్రం అడ్డు లేదు. మిల్పీటస్‌లో అద్దె ఇల్లు. మీ లెక్కన నేను బయటిదాన్నే, పైగా మీ డిస్ట్రిక్ట్‌లో సెంటు భూమి లేనిదాన్ని. ఏడాది నివాసం నిండాక డి ఆంజాలో అకౌంటింగ్ మొదలుపెట్టాను. యూనిట్‌కి 31 డాలర్లు, ఐదు యూనిట్ల క్లాసుకి 155. బాబుని వాళ్ళ నాన్నకి అప్పజెప్పి సాయంత్రం క్లాసులకి వెళ్ళేదాన్ని. 2015 మేలో హెచ్4 వాళ్ళలో నాలాంటి కొందరికి పని చేసుకోవడానికి అనుమతి వచ్చేసరికి నా చేతిలో సర్టిఫికెట్ ఉంది. అదే నా మొదటి ఉద్యోగానికి దారి.

నా పక్క సీటులో ఒక తాతగారు, వెనక ఇద్దరు శాన్ హోసే తూర్పు వైపున్న ఆలమ్ రాక్ నుంచి 23 నంబరు బస్సులో వచ్చే పిల్లలు. ఆ బస్సు శాన్ హోసే డౌన్‌టౌన్ దాటి, స్టీవెన్స్ క్రీక్ రోడ్డు వెంబడి వచ్చి కాలేజీ దగ్గర ఆగుతుంది. రాత్రి షిఫ్టు చేసి నేరుగా క్లాసుకి వచ్చేవాళ్ళు. వీళ్ళలో ఎవరికి చోటు లేదంటారు?

1960లో ఈ రాష్ట్రం మాస్టర్ ప్లాన్ అని ఒకటి రాసుకుంది. హైస్కూలు పూర్తి చేసినవాళ్ళలో పై ఎనిమిదో వంతు యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), పై మూడో వంతు స్టేట్ యూనివర్సిటీకి, కమ్యూనిటీ కాలేజీ తలుపు మాత్రం అందరికీ. అక్కడ బాగా చదివినవాళ్ళు రెండేళ్ళ తర్వాత యూసీకి మారొచ్చు. ఊరి పేరు అడగమని అందులో లేదు.

రాత్రిడ్యూటీ:
మా ఆవిడ నర్సింగ్ అక్కడే చదివింది. చిక్కుడుపాదు గారి మాటే నా మాట.

పెన్నాతీరం:
మీ కష్టం మీద నాకు గౌరవం ఉంది. కానీ నా ప్రశ్న వేరు. మా అమ్మాయి 11వ తరగతి. వాళ్ళ స్కూల్లో ఉన్న మ్యాథ్ అంతా అయిపోయింది. ఇక్కడికి దగ్గర్లోని ఒక కాలేజీలో తర్వాతి క్లాసుకి ప్రయత్నించాం, ఏ కాలేజీ అన్నది ఇక్కడ వద్దు. తన వంతు వచ్చేసరికి సీట్లు నిండిపోయాయి. వెయిట్‌లిస్టూ నిండింది. పదిహేను రోజులు రోజూ పొద్దున్నే లాగిన్ అయి చూసుకుంది. పిల్ల ముఖం చూడలేకపోయాను. ఏటా పన్ను కట్టే వాణ్ణి, ఇంటి పక్క కాలేజీలో ఒక్క సీటు అడగడం నేరమా?

లెక్కలమాస్టారు:
మళ్ళీ చెప్తున్నాను, మీరు బాండుకి కట్టే పన్నుకీ సీట్ల సంఖ్యకీ సంబంధం లేదు. సీట్లు పెరగాలంటే ఇంకో సెక్షన్ తెరవాలి, దానికి మాస్టారికి జీతం కావాలి. అదే 2020 మార్చి ఎన్నికలో మెజర్ హెచ్ అని పార్సెల్ ట్యాక్స్, అంటే ఒక్కో స్థలానికి ఇంత అని వేసే పన్ను, ఓటుకి పెట్టారు. దానికి మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, రాలేదు. భవనాలకి సరేనన్న ఓటర్లు పాఠం చెప్పేవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి కావలసినన్ని ఓట్లు వేయలేదు.

చిక్కుడుపాదు:
హైస్కూలు పిల్లలకి రిజిస్ట్రేషన్‌లో వెనక వంతు అన్నది రాష్ట్రమంతా ఉన్న నియమం. వాళ్ళకి ట్యూషన్ ఫీజు లేదు, వాళ్ళ చదువుకి ఇంకో స్కూలు ఉంది. మీ అమ్మాయికి ఆ సీటు అప్లికేషన్‌లో ఒక లైను. బస్సులో వచ్చే ఆ పిల్లకి అదే సీటు లేకపోతే ట్రాన్స్‌ఫర్ ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.

పెన్నాతీరం:
ఒక లైనా? రాత్రి పన్నెండింటిదాకా కూర్చుని లెక్కలు చేసుకునే పిల్ల గురించి మీకేం తెలుసని అంత మాట అన్నారు? పేదవాళ్ళ పిల్లలది ఆకలి, మా పిల్లలది షోకా? ఇరవై ఏళ్ళు ఒక్క సెలవు సరిగ్గా తీసుకోకుండా పనిచేసి ఈ ఊళ్ళో ఇల్లు కొన్నాను. ఎందుకు? స్కూళ్ళ కోసం. ఈ రోడ్డుకి అవతల, స్కూలు హద్దు గీత దాటితే, ఇదే ఇల్లు ఎంత తక్కువకి వచ్చేదో నాకు తెలుసు. ఆ తేడా మొత్తం పిల్ల చదువు కోసం పెట్టాను.

ఫ్రిస్కో_బాబాయ్:
ఇద్దరూ కాస్త నెమ్మదించండమ్మా.

చిక్కుడుపాదు:
మీ అమ్మాయి గురించి అలా రాయకూడదు. తప్పు నాదే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చదువు మీద ఇష్టంతోనే అడిగింది, అర్థమైంది.

కానీ మీరే అసలు మాట చెప్పారు. ఈ ఊళ్ళో హైస్కూలు ఇంటి ధరలో కలిసి వస్తుంది. అడ్రసు ఉంటే సీటు, లేకపోతే లేదు. కిండర్‌గార్టెన్ నుంచి 12వ తరగతిదాకా అంతే. అద్దెకున్నవాళ్ళు కూడా అందుకోసమే ఎక్కువ అద్దె కడతారు. కూపర్టినోలో అడ్రసు అడగని చదువు నాకు తెలిసి ఆ ఒక్క కాలేజీలోనే ఉంది. దానికీ ఇంటి కాగితాలు అడిగితే, ఆలమ్ రాక్‌లో పుట్టిన పిల్లకి పద్దెనిమిదేళ్ళు వచ్చాక కూడా ఆ గీత దాటే చోటు మిగలదు. నాకు కోపం వచ్చింది అందుకే. మీ అమ్మాయి మీద కాదు.

పెన్నాతీరం:
ఇప్పుడు సూటిగా మాట్లాడుకుంటున్నాం. నేనూ దాచను. అవును, డబ్బు పెట్టి కొనుక్కున్నది ఈ గేటు దగ్గరికి వచ్చేసరికి పనిచేయకపోవడం నాకు బాధగానే ఉంది. నెల్లూరు దగ్గర పల్లె నుంచి వచ్చినవాణ్ణి, నాకెవరూ తలుపు తీసి పట్టుకోలేదు. మా పిల్లకైనా వరసలో ముందుండాలని కోరుకున్నాను. అది తప్పని నేను ఒప్పుకోను.

చిక్కుడుపాదు:
తప్పని నేనూ అనను. ప్రతి తల్లీ తండ్రీ అదే కోరుకుంటారు. ఆ కోరికని రూలుగా రాయొద్దంటున్నాను, అంతే.

రాత్రిడ్యూటీ:
పెన్నాతీరం అన్నా, ఫుట్‌హిల్‌లో ఆన్‌లైన్ మ్యాథ్ సెక్షన్లు చూశారా? అదే డిస్ట్రిక్ట్. క్వార్టర్ మొదలైన మొదటి వారంలో చాలామంది డ్రాప్ చేస్తారు. అప్పుడు మాస్టారికి మెయిల్ పెట్టి యాడ్ కోడ్ అడగండి, సీటు ఉంటే ఇస్తారు.

పెన్నాతీరం:
యాడ్ కోడ్ సంగతి తెలియదు తమ్ముడూ. ఈసారి తనచేత అడిగిస్తాను.

అయినా నా అభిప్రాయం మారలేదు. డిస్ట్రిక్ట్‌లో ఉన్న కుటుంబాల పిల్లలకి రెండు రోజులు ముందు రిజిస్ట్రేషన్ ఇవ్వమని బోర్డు సమావేశంలో అడగబోతున్నాను.

లెక్కలమాస్టారు:
అడిగేటప్పుడు పార్సెల్ ట్యాక్స్ మళ్ళీ పెడతారేమో కూడా అడగండి. క్లాసులు పెరిగితే ఈ వరసే ఉండదు.

చిక్కుడుపాదు:
ఏ రోజు వెళ్తారో ఇక్కడ రాయండి. మిల్పీటస్ నుంచి నేనూ వస్తాను. మీ తర్వాత నేనూ మాట్లాడతాను.