సెలైన్‌లో పగలని ఎర్రకణాలు యూరియాలో ఎందుకు పగిలాయి?

అందరికీ నమస్కారం. తిరుపతిలో డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) చదువుతున్నాను. ప్రాక్టికల్స్‌లో మూడు ట్యూబుల్లో ఒక్కో చుక్క రక్తం వేశాం. 0.9 శాతం సెలైన్‌లో ఎర్రగా మసగ్గా అలాగే ఉంది. డిస్టిల్డ్ వాటర్‌లో కణాలు పగిలి, ట్యూబు వెనక పెట్టిన పేపర్లో అక్షరాలు చదవగలిగేంత తేటగా అయింది. ఇంతవరకూ ఆస్మోసిస్ (నీళ్లు పొర దాటి, కరిగిన పదార్థం ఎక్కువున్న వైపు పోవడం), ఓకే. కానీ 1.8 శాతం యూరియాలోనూ అంతే తేటగా అయిపోయింది! దాని ఆస్మోలారిటీ (లీటరులో కరిగి ఉన్న అణువులు, అయాన్ల మొత్తం లెక్క) దాదాపు సెలైన్‌దే కదా.

యూరియా పొర దాటి లోపలికి పోతుందని మేడమ్ చెప్పారు. సరే, లోపలా బయటా యూరియా సమానమయ్యాక నీళ్లు ఆగాలి కదా? కణంలో ముందే ఉన్న పొటాషియం, హిమోగ్లోబిన్ ఇంకా లాగుతున్నాయా? అదే నిజమైతే సెలైన్‌లో వాటికి అడ్డుపడేది బయటి సోడియమేనా? సోమవారం వైవా, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.