దహనం ఆక్సీకరణ కాదా? మా పాపకు సున్నా వేయడం న్యాయమేనా?

కందుకూరు నాన్న:
మా పాప పదో తరగతి. స్కూలు టెస్టులో ‘కార్బన్ సమ్మేళనాల ఆక్సీకరణకు ఒక ఉదాహరణ రాయండి’ అని 2 మార్కుల ప్రశ్న వచ్చింది. మీథేన్ మండితే కార్బన్ డయాక్సైడ్, నీరు వస్తాయని సమీకరణం బ్యాలెన్స్ చేసి మరీ రాసింది. ‘అది దహనం, ఆక్సీకరణ వేరే’ అని సున్నా వేశారు. ఆక్సిజన్ కలిస్తే ఆక్సీకరణ అని చిన్న తరగతిలో నేర్పింది వీళ్లే కదా! బిడ్డ రాత్రి అన్నం కూడా తినలేదు.

ఒంగోలు సైన్స్ టీచర్:
మీ బాధ అర్థమైంది సార్, కానీ పాఠంలో దహనం, ఆక్సీకరణ, సంకలనం, ప్రతిక్షేపణం అని నాలుగూ విడివిడిగా ఉన్నాయి. ఆక్సీకరణ కింద చెప్పేది ఇథనాల్ (మద్యంలో ఉండే ఆల్కహాల్) గురించి. ఆక్సిజన్ అందించే క్షార పొటాషియం పర్మాంగనేట్ చుక్కలుగా వేసి వేడిచేస్తే దాని ఊదా రంగు పోతుంది, ఇథనోయిక్ ఆమ్లం (వెనిగర్‌లో పులుపునిచ్చేది) వస్తుంది. అందులో ఉన్న 2 కార్బన్లూ చెదరవు. మంటలో ఆ కార్బన్ల గొలుసే మిగలదు. ఈ తేడా పిల్లలకు తెలియాలనే వేరుగా పెట్టారు.

కావలి ట్యూషన్ మాస్టారు:
తేడా నేర్పండి మేడమ్, ఎవరు కాదన్నారు? కానీ నిజం రాసిన బిడ్డకు సున్నా ఎట్టా వేస్తారు? ప్రతి దహనమూ ఆక్సీకరణే. ప్రతి ఆక్సీకరణా దహనం కాదు, అంతే. ఆక్సీకరణ స్థితి అంటే పరమాణువు ఎంతవరకు ఆక్సీకరణం చెందిందో చెప్పే అంకె. కార్బన్‌కు అది మీథేన్‌లో మైనస్ 4, కార్బన్ డయాక్సైడ్‌లో ప్లస్ 4. అంతకు మించి కార్బన్ ఆక్సీకరణం చెందలేదు. అంటే ఆ పిల్ల రాసింది చిట్టచివరి మెట్టు. ఇథనాల్ ఆమ్లంగా మారడం మధ్యలో ఆగిన మెట్టు.

మంట లేని ఆక్సీకరణ చూపాలంటే నేను తాటికల్లు గురించి చెప్తాను. మా సముద్రం వైపు ఊళ్లలో తెలియని పిల్లాడుండడు. పొద్దున దించింది తీయగా ఉంటుంది. పులిస్తే చక్కెర ఇథనాల్ అవుతుంది. ఇంకా గాలి తగిలేటట్టు వదిలేస్తే బ్యాక్టీరియా ఆ ఇథనాల్‌ను ఇథనోయిక్ ఆమ్లం చేస్తాయి, ముక్కుకు పుల్లటి ఘాటు కొడుతుంది. అగ్గిపుల్ల గీయకుండానే ఆక్సీకరణ. ఇది విన్న పిల్లలు రెంటినీ మళ్లీ కలిపేసుకోలేదు.

ఒంగోలు సైన్స్ టీచర్:
కల్లు ఉదాహరణ బాగుంది, రేపు క్లాసులో చెప్తాను. నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నా. ‘దహనం కాని ఆక్సీకరణ’ అని ప్రశ్నలోనే అడిగి ఉండాల్సింది. అడగనప్పుడు 2 మార్కులూ పాపవే. పబ్లిక్ పరీక్షలో మాత్రం ఇథనాల్ చర్యే రాయమనండి, ప్రతి పేపరూ దిద్దేవాళ్లతో మనం వాదించలేం.

కందుకూరు నాన్న:
సోమవారం పేపర్ పట్టుకుని స్కూలుకు పోతున్నా. మాస్టారు చెప్పిన మైనస్ 4, ప్లస్ 4 లెక్క పాప తనే చెప్తానంటోంది.