'కాంకోర్డియా డోమి ఫోరిస్ పాక్స్': నాలుగు మాటలకు తెలుగు

ప్రశ్న: ఉత్తర జర్మనీలో ల్యూబెక్ పట్టణపు కోటగుమ్మం హోల్‌స్టెన్‌టోర్ మీద ఈ లాటిన్ వాక్యం ఉంది. 'ఇంట గెలిచి రచ్చ గెలువు' సామెతను ఆనుకుని 'ఇంట పొందు, రచ్చ శాంతి' అనవచ్చా? ఆ రాత మధ్యయుగం నాటిదేనా?

జవాబు: కాదండీ. గుమ్మం 1464-1478 మధ్య కట్టింది, రాత 1871 మరమ్మతుల నాటిది. ఈ గుమ్మానికి ఎదురుగా, బయటివైపు, 1585 నాటి మరో ద్వారం ఉండేది. దాని మీది వాక్యం ఇంకా పొడుగు: 'కాంకోర్డియా డోమి ఎత్ ఫోరిస్ పాక్స్ సానే రెస్ ఎస్త్ ఓమ్నియుమ్ పుల్కెర్రిమా'. లోపల సఖ్యత, వెలుపల శాంతి, అన్నిటిలోకీ అందమైనవి ఇవే అని. రైల్వే కోసం 1853లో ఆ ద్వారాన్ని కూల్చేశారు. ఇప్పుడు కనిపించేది ఆ వాక్యానికి కుదింపు.

ఇక మీ అనువాదం. 'ఇంట' చక్కగా కుదిరింది. 'దోముస్' అంటే ఇల్లు, 'డోమి' అంటే ఇంట. లాటిన్‌లో దాదాపు అంతరించిన, చోటును చెప్పే అధికరణ రూపం ఇలాంటి కొన్ని మాటల్లోనే మిగిలింది. మన 'ఇంట', 'వాకిట' కూడా విడిగా ప్రత్యయం తగిలించకుండానే చోటును చెబుతాయి. అయితే 'పొందు' వద్దు. నేటి పాఠకుడికి అది పడకగది మాట. 'పొత్తు' అంటే ఎన్నికలు గుర్తొస్తాయి. 'కాంకోర్డియా'లో ఉన్నది 'కోర్', అంటే గుండె. మనసులు కలిసి ఉండటం దాని భావం. 'సఖ్యత' సరిపోతుంది. 'ఐకమత్యం'లో ఉన్నది మతి, అందుకే అది రెండో ఎంపిక.

మరో జవాబు: 'రచ్చ' మీద నా అభ్యంతరం గట్టిది. రచ్చ అంటే ఊరి నడుమ నలుగురూ చేరే చోటు, రచ్చబండ అందులోదే. అది గోడ లోపలిదే కదా! 'ఫోరిస్' గోడకు అవతలిది. పైగా ఇప్పుడు రచ్చ అంటే గొడవ, దాని పక్కన శాంతి నిలవదు. 'ఫోరిస్' మూలార్థం 'తలుపుల దగ్గర, తలుపు బయట'. లాటిన్ 'ఫోరేస్', జర్మన్ 'టోర్', సంస్కృత 'ద్వార' ఒకే ధాతువు పిల్లలు. ఈ వాక్యం ద్వారం మీదే ఉండటం ఎంత ముచ్చటగా ఉందో చూడండి. ఆ లెక్కన 'వాకిట' దగ్గరి మాటే, కానీ వాకిలి మరీ ఇంటి ముందరిది. హాన్సా అనే ఉత్తర ఐరోపా వర్తక పట్టణాల కూటమికి చెందిన ఈ పట్టణానికి శాంతి కావలసింది సముద్రం మీద, దూరపు దారుల్లో. 'వెలుపల' నయం.

మొదటి జవాబు ఇచ్చినవారు: ఒప్పుకుంటాను. 'డోమి' కూడా ఇక్కడ కుటుంబం కాదు, పట్టణమే. రోమన్లు 'డోమి మిలిటియాయెక్వే' అనేవారు, 'ఇంటా, యుద్ధరంగంలోనూ' అని. అందుకే 'ఇంట' అని ఊరుకుంటే ఆలుమగల మాటలా వినిపించే ప్రమాదం ఉంది. 'లోపల' అంటే తేడా తెలుస్తుంది. ఆ కట్టడంలోనే ఈ తేడా ఉంది: బయటివైపు గోడ మందం సుమారు 3.5 మీటర్లు, పట్టణం వైపు మీటరు కూడా లేదు.

చూడటానికి వెళ్లేవారికి: రైలు స్టేషన్ నుంచి నడిచి వస్తే ముందు ఎదురయ్యేది పడమటి ముఖం, ఈ రాత అక్కడే. కమాను దాటి వెనక్కి తిరిగితే 'ఎస్.పి.క్యూ.ఎల్.', రెండు పక్కలా 1477, 1871 కనబడతాయి. రోమ్ సంక్షేపం 'ఎస్.పి.క్యూ.ఆర్.' చూసి చేసుకున్నదే: 'సెనాతుస్ పోపులుస్‌క్వే లూబెకెన్సిస్', అంటే ల్యూబెక్ సభ, ప్రజలు. ఆ 1477 చూసి కట్టడం పూర్తయిన ఏడు అదే అని రాసేస్తుంటారు, సరైనది 1478. అడుగు వరుస తుపాకీ రంధ్రాలు నేల కిందికి పోయాయి. బురద నేల, బురుజులు కుంగాయి, చుట్టూ నేలమట్టమూ పెరిగింది.

మరో జవాబు: మాటల వరుస కూడా కాపాడాలి. లాటిన్‌లో నామం-చోటు, చోటు-నామం. నడుమ 'డోమి', 'ఫోరిస్' ఆనుకుని నిలుస్తాయి. క్రియ లేదు, తెలుగుకూ అక్కర్లేదు. 'సఖ్యత లోపల, వెలుపల శాంతి'. 'లోపల సఖ్యత' అని తిప్పితే వాడుకకు దగ్గరవుతుంది గానీ ఆ అల్లిక పోతుంది.

ప్రశ్న అడిగినవారు: 'సఖ్యత లోపల, వెలుపల శాంతి' తీసుకుంటున్నాను. చిత్రం కింద రాసేటప్పుడు 1871 కూడా వేస్తాను.