8 అంగుళాల టెలిస్కోప్ అద్దం: స్వాతి నక్షత్రం మూడు మూలలుగా కనిపిస్తోంది

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట)
అందరికీ నమస్కారం. రెండేళ్లు అరగదీసి, పాలిష్ పట్టి టెలిస్కోప్ కోసం 8 అంగుళాల అద్దం చేసుకున్నాను. మందం 25 మి.మీ., ఫోకల్ లెంగ్త్ 1,220 మి.మీ. పోయిన వారం ట్యూబులో బిగించి, డాబా మీద నుంచి స్వాతి వైపు తిప్పాను. ఫోకస్ కాస్త తప్పిస్తే గుండ్రంగా రావాల్సిన వెలుగు సమోసాలా మూడు మూలలతో వస్తోంది. అద్దం కింద ప్లైవుడ్, దాని అంచుకి దగ్గరగా మూడు ఫెల్ట్ ముక్కలు, చుట్టూ మూడు క్లిప్పులు. జారిపోతుందేమోనని క్లిప్పులు గట్టిగానే బిగించాను. పాలిషింగ్‌లోనే తప్పు చేశానా? మళ్లీ రుద్దాలంటే అద్దం మీది మెరుపు పూత తీసేయాలి. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

జవాబు (విజయవాడ, పటమట)
పూత జోలికి వెళ్లకండి. మూడు మూలలు వస్తే నేనైతే ముందు ఆ క్లిప్పుల్నే అనుమానిస్తాను. గాజు ఉపరితలం 70 నానోమీటర్లు వంగినా చుక్క చెడుతుంది, అది వెంట్రుక మందంలో వెయ్యో వంతు. క్లిప్పుకీ అద్దానికీ మధ్య విజిటింగ్ కార్డు సులువుగా దూరాలి. ఫెల్ట్ ముక్కల్ని కూడా లోపలికి, మధ్య నుంచి 40 మి.మీ. దూరానికి జరపండి. ఈ మందానికి మూడు ముక్కలే చాలు.

జవాబు (గుంటూరు)
తప్పు గాజుదా, సెల్‌దా (అంటే అద్దాన్ని పట్టుకునే ప్లైవుడ్, ఫెల్ట్, క్లిప్పుల అమరికదా) అని తేల్చుకోవచ్చండీ. సెల్‌ని కదపకుండా అద్దాన్ని మాత్రం 60 డిగ్రీలు తిప్పి చూడండి. త్రికోణం తలకిందులైతే గాజులోనే ఉంది, అలాగే ఉంటే సెల్‌లో ఉంది. 120 తిప్పితే మాత్రం మూలలు మళ్లీ అక్కడికే వస్తాయి, ఏమీ తెలియదు. ఇంకోటి, ట్యూబు వాలినప్పుడు ఆ 2 కిలోల బరువు పక్కకి పడుతుంది. కింది అంచున, అట్టడుగు నుంచి అటూ ఇటూ 45 డిగ్రీల దగ్గర రెండు ఆనికలు పెట్టండి, మందంలో సగం ఎత్తున. నేను మొదట్లో గట్టిపడే జిగురుతో అతికించి, అద్దాన్ని ఊడదీయలేక నానా అవస్థలు పడ్డాను. మీరు ఆ పని చేయకండి.

ప్రశ్న అడిగినవారు
60 తిప్పాను, త్రికోణం కదల్లేదు! ప్రాణం లేచొచ్చింది. క్లిప్పులు వదులు చేసి, ఫెల్ట్ లోపలికి జరిపి, రెండు ఆనికలూ పెట్టాను. నిన్న ట్యూబుని గంట ముందే డాబా మీద పెట్టి చల్లారనిచ్చాను. స్వాతి గుండ్రంగా వచ్చింది. తర్వాత 6 మి.మీ. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) వేసి అభిజిత్ నక్షత్రం పక్కనున్న జంట నక్షత్రాల్ని చూశాను. రెండూ మళ్లీ రెండేసిగా విడిపోయి, నాలుగు చుక్కలు సన్నగా, విడివిడిగా కనిపించాయి. మా అమ్మాయిని నిద్రలేపి చూపించాను.