ఆఖరి భోజనం ఒక్కటే అంటే మీరైతే ఏం తింటారు?

ఆదివారం మా కజిన్స్ అందరం కలుస్తున్నాం, రేపే ఆఖరి భోజనం అయితే ఏం తింటారో, ఎందుకో ఒక్కొక్కరూ చెప్పాలని మా బావ రూల్ పెట్టాడు. ఒకే కూర, పక్కన ఒక పచ్చడి, అంతే. నాకు తేలడం లేదు, కాస్త సాయం చేయండి.

మొదట పులస పులుసు అనుకున్నాను. కానీ గోదావరికి వరద వచ్చే రోజుల్లో, సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చినప్పుడే అది దొరుకుతుంది, పైగా వండిన రోజు కన్నా మర్నాడు తింటేనే రుచి అంటారు. ఆఖరి పూటకి మర్నాడు ఎక్కడిది! రాగి సంగటి, నాటుకోడి పులుసు కూడా లిస్టులో ఉంది. నిజం చెప్పాలంటే మనసు మాత్రం వేడన్నంలో ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి వైపే లాగుతోంది, అది చెబితే రోజూ తినేదేగా అని నవ్వుతారు.

అమెరికాలో మరణశిక్ష పడ్డవాళ్లకి అడిగింది పెట్టే ఆనవాయితీ ఉంది కదా, 1963లో అయోవాలో విక్టర్ ఫెగర్ అనే ఖైదీ గింజ తీయని ఒక్క ఆలివ్ కాయ అడిగాడు. 2011లో ఇంకొకడు బోలెడన్ని తెప్పించుకుని ముట్టుకోకపోయేసరికి టెక్సస్‌లో ఆ పద్ధతే ఎత్తేశారు. అసలు ఆ టైంలో ఆకలేస్తుందా అని నా డౌట్.

మీరైతే పండగ వంటకం ఎంచుకుంటారా, రోజూ తినేదా? ఆవకాయన్నాన్ని వాదనలో నిలబెట్టే మంచి కారణం ఏదైనా ఉంటే చెప్పండి. బిర్యానీ అని మాత్రం అనకండి, అది మా తమ్ముళ్లు ఎప్పుడో బుక్ చేసేసుకున్నారు.