‘ముఖము తప్పించు’: యెషయా 58:7లో ఒక మాట

మాది పర్లాకిమిడి. శ్రమల దినాలు కదా, మా వీధిలో రోజుకో ఇంట్లో సాయంత్రం ప్రార్థన కూడిక జరుగుతోంది. (క్యాథలిక్కులు తపస్సు కాలం అంటారు. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు దాకా, ఆదివారాలు తీసేస్తే 40 రోజులు.) మొన్న మా ఇంటి వంతు. నేను బైబిల్లో యెషయా ప్రవక్త గ్రంథం 58వ అధ్యాయం చదువుతూ ఏడో వచనంలో ఒక మాట దగ్గర తడబడ్డాను.

“నీ ఆహారము ఆకలిగొనినవారికి పెట్టుటయు నీ రక్తసంబంధికి ముఖము తప్పింపకుండుటయు...” ఇలా సాగి, “ఇదియే గదా నాకిష్టమైన ఉపవాసము?” అని ముగుస్తుంది.

తడబడటానికి కారణం వ్యాకరణం కాదు. అంతకు రెండు రోజుల ముందే బజార్లో మా చిన్నాన్న సైకిల్ కనబడింది, హేండిల్‌కి గుడ్డసంచీతో సహా. వెంటనే పక్కనున్న కొమ్ము బొమ్మల కొట్లో దూరిపోయాను. కొనే ఉద్దేశం ఏమాత్రం లేని ఒక కొంగబొమ్మను చేతిలో తిప్పుతూ, బేరం కూడా ఆడాను. సైకిల్ వెళ్లిపోయాక బయటికొచ్చాను. చిన్నాన్న పోయినేడు నా దగ్గర 3,000 తీసుకున్నాడు. మళ్లీ అడుగుతాడేమోనని నా టెన్షన్. అప్పు తీసుకున్నవాడు మొహం తప్పించడం లోకంలో ఉన్నదే, ఇచ్చినవాడే తప్పించుకు తిరగడం నా ప్రత్యేకత!

అమ్మకి ఆ సంగతి ఎలా తెలిసిందో గానీ, కూడిక అయి అందరూ వెళ్లాక అంది: “పొద్దుట్నుంచీ ఏటీ తినకుండా ఉన్నావు, బాగానే ఉంది. చిన్నాన్నకి మొకం తప్పించేస్తన్నావేటిరా?”

బైబిల్లో గ్రంథం భాషలో ఉన్న మాట అమ్మ నోట్లో అలాగే ఉంది. ‘ముఖము’ ‘మొకం’ అయింది, అంతే. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు మా ఊళ్లోనే పాఠాలు చెప్పారు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన ఈ వచనం చూస్తే తొడుగు గ్రాంథికం, లోపల ఉన్నది వీధి మాటే అనేవారని నా ఊహ.

నా ప్రశ్న: ఇది మా వైపు మాటేనా? మీ దగ్గర ‘మొహం చాటెయ్యడం’ ఒక్కటేనా?

జవాబు, గుంటూరు నుంచి:
మేమూ మొహం తప్పించడం అంటాం. కానీ చాటెయ్యడమే ఎక్కువ. రెండూ ఒకటే కదండీ.

నేను:
ఒకటి కాదనిపిస్తోందండీ. ‘వానలు ముఖం చాటేశాయి’ అని పేపర్లో రాస్తారు, ‘వానలు ముఖం తప్పించాయి’ అని ఎవరూ రాయరు. పెళ్లికి రావలసినవాడు రాకపోతే చాటేశాడంటాం. తప్పించేవాడు ఊళ్లోనే ఉంటాడు, మనల్ని చూస్తాడు, చూశాకే సందు మారతాడు. ‘మొహం తిప్పుకోవడం’ మళ్లీ వేరు, అందులో కోపమో చులకనో ఉంటుంది, పైగా ఎదుటివాడికి తెలియాలనే తిప్పుకుంటాం. తప్పించడంలో కోపం లేదు. ఎదురుపడితే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుందన్న భయం ఉంది. యెషయా పట్టుకున్నది ఆ భయాన్నే.

జవాబు, రాయగడ నుంచి:
హీబ్రూలో అక్కడున్న క్రియకి నిన్ను నువ్వు దాచుకోవడం అని అర్థం. ద్వితీయోపదేశకాండం 22లో తోటివాడి ఎద్దు దారి తప్పితే చూసీ చూడనట్టు పోకు అన్నచోటా అదే క్రియ. ఇక మనవాళ్లు ‘రక్తసంబంధి’ అన్నచోట హీబ్రూలో ఉన్నది ‘నీ మాంసం’. ఆదాము హవ్వను చూసి “నా మాంసములో మాంసము” అన్నాడే, ఆ మాటే. ఈ నలభై రోజులూ మాంసం మానేశామని చెప్పుకుంటాం కదా అన్నా, యెషయా అడిగే మాంసం వేరే!

జవాబు, గుణుపురం నుంచి:
ఇక్కడ ఒడియావాళ్లు ముహఁ లుచాఇబా అంటారు, మొహం దాచుకోవడం అని. అందులో సిగ్గు ఎక్కువ వినిపిస్తుంది. నా సందేహం ఒకటి తమ్ముడూ, రక్తసంబంధికే అంటే పరాయివాళ్లకి మొహం తప్పించొచ్చా?

నేను:
లేదక్కా, ఆ వచనంలోనే ఆకలిగొన్నవాళ్లు, దిక్కుమాలిన బీదలు, బట్టల్లేనివాడు అందరూ ఉన్నారు. నిజం చెప్పాలంటే పరాయివాళ్లకి పెట్టడమే సులువు. మా కూడికల్లో పోగైన పిడికెడు బియ్యం ముక్కూమొహం తెలియని ఇంటికి పంచి హాయిగా వచ్చేస్తాం, మర్నాడు వాళ్లు మన గుమ్మంలోకి రారు. చిన్నాన్న వస్తాడు. శుభ శుక్రవారం చదివే యెషయా 53లో “మనుష్యులు చూడనొల్లనివాడు” అని ఉంటుంది. ఇన్నేళ్లూ ఆ చూడనివాళ్లు ఎవరో అనుకుంటూ చదివాను.

జవాబు, రాయగడ నుంచి:
మరి చిన్నాన్న సంగతి ఏమైంది?

నేను:
ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. పిన్ని టీ పెట్టింది. చిన్నాన్న లేడా అంటే లేడంది. సైకిల్ గుమ్మం పక్కనే ఉంది, గుడ్డసంచీ కూడా. కాసేపటికి పిన్ని గొంతు తగ్గించి, “పెరట్లో ఉన్నాడురా. నీ డబ్బులు ఇవ్వలేకపోయాడు కదా, నెలై నీకు మొకం తప్పించేస్తన్నాడు” అంది.