వెన్నెముక ఆపరేషన్ తర్వాత ఎముకకు ఇన్ఫెక్షన్: మానుతోందని ఎలా తెలుసుకోవాలి?

పాలేరు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 62 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. నడుము పూసలకు స్క్రూలు, రాడ్లు వేసి ఆపరేషన్ చేసిన మూడో వారంలో కుట్ల దగ్గర నీరు కారడం మొదలైంది. గాయం ఆరేటప్పుడు అలాగే ఉంటుందని అక్కడివారు చెప్పడంతో ఎనిమిది రోజులు ఊరుకున్నాం. ఆ ఎనిమిది రోజులు నన్ను ఇప్పటికీ వదలడం లేదు. చలిజ్వరం వచ్చాక వేరే ఆసుపత్రికి తీసుకెళ్తే, మళ్లీ తెరిచి చీము అంతా కడిగారు. చీమును ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్షలో స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా అని తేలింది. పిక్ లైన్ (చేతి నరం గుండా గుండె దగ్గరి దాకా వేసే సన్నని గొట్టం) ద్వారా ఇస్తున్న వాంకోమైసిన్ అనే యాంటీబయోటిక్ ఇప్పుడు నాలుగో వారంలో ఉంది. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఎంతుందో చూపే రక్తపరీక్షల్లో సీఆర్‌పీ 148 నుంచి 22కు దిగింది గాని ఈఎస్‌ఆర్ 80 దగ్గరే ఆగింది, కొత్త ఎంఆర్‌ఐలోనూ పెద్ద మార్పు లేదని రాశారు. రాత్రిళ్లు పక్కకు తిరగడానికి ఆయన మంచం పట్టీని గట్టిగా పట్టుకుంటారు, ఆ కిర్రుమనే చప్పుడుకు నాకు మెలకువ వస్తుంది. స్క్రూలు తీసేస్తే తప్ప తగ్గదని బంధువులు అంటున్నారు. నిజమేనా?

కొండపల్లి:

అమ్మా, మూడేళ్ల క్రితం నేను ఇదే దశలో ఉన్నాను. ఎంఆర్‌ఐ రిపోర్టు చూసి నేనూ కుంగిపోయాను. మనిషి కోలుకుంటున్నా ఎముకలో వాపు చిత్రంలో చాలాకాలం అలాగే కనిపిస్తుందని, అందుకే జ్వరం, నొప్పి, సీఆర్‌పీ ఏ దారిన పోతున్నాయో చూడాలని మా డాక్టరు గారు చెప్పారు. సీఆర్‌పీ త్వరగా దిగుతుంది, ఈఎస్‌ఆర్ నిదానంగా దిగుతుంది. మీ నాన్నగారి అంకెలు నాకు ధైర్యం ఇచ్చేవిగానే ఉన్నాయి.

స్క్రూల విషయం సర్జన్ నిర్ణయించాల్సిందే. లోహం మీద బ్యాక్టీరియా సన్నని పొరలా అతుక్కుంటుంది కాబట్టి బంధువుల భయం వట్టిది కాదు, కానీ ఎముక అతుక్కోకముందే తీసేస్తే పూసలు కదిలిపోయి మరో ప్రమాదం వస్తుంది. అందుకే తొలి వారాల్లో బయటపడిన ఇన్ఫెక్షన్‌కు, స్క్రూలు గట్టిగా ఉంటే, కడిగి వాటిని ఉంచి మందులు ఎక్కువకాలం వాడిస్తారు. స్క్రూలు, రాడ్లు లేని పూసల ఇన్ఫెక్షన్‌కు పన్నెండు వారాలు వాడినా ఆరు వారాలు వాడినా ఫలితం ఒకేలా ఉందని ఫ్రాన్స్‌లో జరిగి 2015లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఆ మాట పట్టుకుని మీరు ఆరో వారంలో ఆపకండి, స్క్రూలున్నవారికి అది వర్తించదు. నాకు ఇంజెక్షన్ల తర్వాత నెలల తరబడి మాత్రలు ఇచ్చారు, వాటిలో రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులోకి మారితే మొదటిరోజు హడలిపోయాను.

వార్డు నర్సు:

వాంకోమైసిన్ నడుస్తున్నన్నాళ్లూ కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తంలో ఆ మందు మోతాదు క్రమం తప్పకుండా చూపించండి. పిక్ లైన్ ఉన్న చేతికి బీపీ చూడనివ్వకండి, స్నానంలో తడవనివ్వకండి. షుగర్ అదుపులో లేకపోతే ఎంత ఖరీదైన మందైనా సగమే పని చేసినట్టు. గుడ్లు, పప్పు, పెరుగు రోజూ పెట్టండి. పక్కకు తిప్పేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు పెట్టి, భుజమూ తుంటీ ఒకేసారి తిరిగేలా ఇద్దరు కలిసి, కింద పరిచిన దుప్పటితో తిప్పండి, నడుము మెలిపడకూడదు. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండానే వచ్చేసినా, మలద్వారం చుట్టూ స్పర్శ తగ్గినా తెల్లవారేదాకా ఆగకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పాలేరు:

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. స్క్రూల గురించి సోమవారం సర్జన్ గారిని అడుగుతాను. నిన్న రాత్రి తమ్ముడూ నేనూ దుప్పటి పట్టుకుని, మోకాళ్ల మధ్య దిండు పెట్టి నాన్నగారిని తిప్పాం. ఆయన మంచం పట్టీ పట్టుకోలేదు.